నూటికి తొమ్మిదిమందికే

డాక్టర్ నీలాద్రికి కోపం వచ్చి అప్పటికి పదకొండు రోజులైంది. తగ్గే సూచన ఏమీ లేదు.

కారణం అరపేజీ ఉత్తరం. ఎక్కడో కొండల్లో చిన్న మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరమ్మ దాన్ని పెద్ద వైద్యపత్రికకి రాసింది. ‘స్క్రబ్ టైఫస్ మీద డాక్టర్ నీలాద్రి బృందం రాసిన పేపర్లో, ఒంటిమీద నల్లమచ్చ నూటికి తొమ్మిదిమందికే కనబడిందని ఉంది. మా దగ్గర అరవైమందికి పైగా కనబడుతోంది. మచ్చ కోసం వారు ఎలా వెతికారో దయచేసి చెప్పగలరా?’ ఇంతే ఉత్తరం. సంపాదకుడు దాన్ని నీలాద్రికి పంపి, పేపరు రాసినవాళ్ళందరి సంతకాలతో పద్నాలుగు రోజుల్లో సమాధానం ఇమ్మన్నాడు.

స్క్రబ్ టైఫస్ అంటే పొదల్లో, గడ్డిలో ఉండే కంటికానని పురుగు కుడితే వచ్చే జ్వరం. కుట్టినచోట చుట్ట నిప్పు తగిలి కాలినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పీ దురదా ఉండవు కాబట్టి రోగికే తెలియదు. అది కనబడితే జ్వరం ఏమిటో తెలిసిపోయినట్టే. మామూలు మాత్రకి రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. కనబడక, డెంగీ అనో టైఫాయిడ్ అనో వారం గడిపేస్తే మనిషి దక్కకపోవచ్చు.

నీలాద్రి నూటనలభై పేపర్లు రాశాడు. అందులో ఈ ఒక్కదాన్నే ఆరువందల పన్నెండుమంది తమ పేపర్లలో ఉదహరించారు. పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఫోన్లో ఆ అంకె చూసుకోవడం ఆయనకి అలవాటు. ఒకటి పెరిగితే ఆ రోజు ఇంట్లోవాళ్ళకి హాయి. ఈ ఏడాది జాతీయ పరిశోధన పురస్కారం తుది జాబితాలో ఆయన పేరు ఉండడానికి కూడా ఈ పేపరే కారణం. ఇది పోతే అదీ పోతుంది.

అందుకని అరపేజీకి పదకొండు పేజీల జవాబు రాశాడు. తోటి రచయితలు నలుగురూ చదవకుండానే సంతకాలు పెట్టారు. మిగిలింది సువార్త మేడం.

సువార్త మేడం ఆయనకి ఎండీలో పాఠం చెప్పిన మనిషి. జ్వరాల వైద్యంలో నలభై ఏళ్ళు గడిపి, ఏడంటే ఏడు పేపర్లు రాసింది. రిటైరైనా మంగళ, గురు, శనివారాలు పొద్దున ఎనిమిదింటికల్లా జిల్లా ఆసుపత్రి జ్వరాల వార్డులో ఉంటుంది. నీలాద్రి తన పేపరుకి కేసుల్లో సగం ఆ వార్డులోంచే తీసుకున్నాడు. గురువుగారు కదా అని చివర ఆమె పేరు పెట్టాడు. ఇప్పుడా మర్యాద మెడకి చుట్టుకుంది.

మంగళవారం పొద్దున ఆమె గదిలోకి వెళ్ళేసరికి పదకొండు పేజీలూ బల్లమీదే ఉన్నాయి. సంతకం లేదు.

“చదివారా మేడం?”

“చదివాను.”

“ఎలా ఉంది?”

“కోపంగా ఉంది.”

“రాదా మరి? ఎవరు మేడం ఆవిడ? జన్మంతా కలిపి నాలుగు పేపర్లు. వాటిని పట్టించుకున్నవాళ్ళు పదిమంది లేరు, నేను చూశాను. ఆవిడ నన్ను అడగడమేమిటి?”

“ఏమడిగింది?”

“ఎలా వెతికారని.”

“అది ఏ పేజీలో చెప్పావు?”

నీలాద్రి పేజీలు తిప్పాడు. గణాంకాలున్నాయి. ఎనభై మంది పెద్దవాళ్ళ పేపర్ల జాబితా ఉంది. చిన్న ఆసుపత్రుల్లో లెక్కలు ఎంత నాసిగా ఉంటాయో రెండు పేజీలుంది. మచ్చ కోసం ఎలా వెతికారన్నది మాత్రం ఎక్కడా లేదు.

“ప్రామాణిక పద్ధతిలో అని రాశాను మేడం. అంతకంటే ఏం రాస్తారు?”

ఆమె కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టింది. “వార్డుకి రా.”

“సంతకం?”

“వార్డుకి రా.”

సువార్త మేడానికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. నీలాద్రికి ఈ సంగతి తెలుసు, కానీ ఆ పొద్దున తన కోపం చప్పుడులో అది వినబడలేదు.

ఆడవాళ్ళ వార్డులో పన్నెండు మంచాలు. నాలుగో మంచం దగ్గర హౌస్ సర్జన్ హసీనా కేసు షీటు పట్టుకుని నిలబడింది. నీలాద్రిని చూడగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆయన పేరు పుస్తకాల్లో చూడటమే కానీ మనిషిని చూడటం అదే మొదలు.

“ఎర్నమ్మ, ముప్పై ఎనిమిదేళ్ళు. జీడితోటలో కూలి. ఏడు రోజులుగా జ్వరం, ఇక్కడికొచ్చి నాలుగు రోజులు. డెంగీ లేదు, మలేరియా లేదు. టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్ ఇస్తున్నాం, తగ్గలేదు మేడం. తెల్లవారుజామునుంచి ఆయాసం. స్క్రబ్ పరీక్ష కిట్లు అయిపోయాయి, ఇంకా రాలేదు.”

“మచ్చ?”

“లేదు మేడం.”

మంచం అవతల నేలమీద కూర్చున్న ముసలామె ఒక్కసారిగా లేచింది. ఎర్నమ్మ అత్త, అప్పలనరసమ్మ.

“ఏటమ్మా ఇది? నాలుగు రోజులనుండి వత్తన్నారు, కాయితం సూత్తన్నారు, ఎల్లిపోతన్నారు! మనిసిని సూసినోలు ఒక్కలు నేరు! కాయితానికేనా జొరం?”

“అమ్మా, మీరు కాస్త బయటికెళ్ళండి,” అన్నాడు నీలాద్రి.

“ఉండనీ,” అంది సువార్త మేడం. “ఆవిడతో పనుంది.”

వార్డు మూలన ఒక తెర ఉంది. ఇనప చట్రం, పచ్చగుడ్డ, నాలుగింటికి మూడు చక్రాలు. దానిముందు సెలైన్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. పెట్టెలమీది దుమ్ము చూస్తే ఆ తెర ఎన్నాళ్ళనుంచి కదల్లేదో ఎవరికైనా తెలుస్తుంది. డెబ్భై నాలుగేళ్ళ సువార్త మేడం పెట్టెలు ఒక్కొక్కటే పక్కకి జరపడం మొదలుపెట్టింది. నీలాద్రి గబగబా వెళ్ళాడు. “నువ్వుండు,” అందామె, ఆయన వైపు చూడకుండానే. తెరని తనే ఈడ్చుకొచ్చింది. చక్రం లేని కాలు గచ్చుమీద గీసుకుంటూ వార్డంతా కిర్రుమంది.

చేతులు కడుక్కుంది. చల్లగా ఉన్నాయని రెండూ రుద్దుకుంది. ఎర్నమ్మ చెవి దగ్గర వంగింది.

“ఎర్నమ్మా, నీ ఒళ్ళంతా చూడాలమ్మా. చీర తియ్యాలి. తెర వేశాను, ఎవరూ చూడరు. మీ అత్త ఇక్కడే ఉంటుంది. చూడనా?”

“సూడండమ్మా,” అంది ఎర్నమ్మ. ఆ రెండు మాటలకే రొప్పింది.

నీలాద్రి తెర ఇవతల నిలబడ్డాడు. లోపల్నించి ‘చెయ్యెత్తమ్మా’, ‘ఇటు తిరుగు’, ‘ఇక్కడ పట్టుకోండి అత్తమ్మగారూ’ అని వినబడుతోంది. వాచీ చూసుకున్నాడు. ఫోన్ చూసుకున్నాడు. వాచీ మళ్ళీ చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది.

“హసీనా, నువ్వు రా. నీలాద్రీ, ఈవిడ సరేనంది. నువ్వూ వచ్చి చూడు.”

ఎర్నమ్మ నడుముకి ఎడమపక్క, లంగా బొందు బిగించే చోట, కందిగింజంత నల్లటి పెచ్చు. చుట్టూ సన్నటి ఎర్ర గీత.

“బొందు ఒరుసుకున్నాదనుకున్నాం అమ్మగోరూ,” అంది అప్పలనరసమ్మ.

“అందరూ అదే అనుకుంటారు. ఈ పురుగు పాక్కుంటూ వచ్చి, బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగి కుడుతుంది.” ఆమె చీర సరిచేసి దుప్పటి కప్పింది. “హసీనా, డాక్సీ మాత్ర ఇప్పుడే మొదలుపెట్టు. కిట్ల కోసం చూడకు. ఆక్సిజన్ పెట్టించు. పరిగెత్తు.”

హసీనా పరిగెత్తి, అన్నీ చేయించి, వరండాలోకి వచ్చేసరికి నీలాద్రి కాచుకుని ఉన్నాడు. పదకొండు రోజుల కోపానికి ఆ పిల్ల దొరికింది.

“నాలుగు రోజులు! మనిషి ఊపిరాడక కొట్టుకుంటోంది, నువ్వు మచ్చ లేదని రాశావు. చూశావా అసలు?”

“చేతులు, కాళ్ళు, మెడ చూశాను సార్.”

“మిగతా ఒళ్ళు ఎవరు చూస్తారు? ఎవరిచ్చారమ్మా నీకు డిగ్రీ? ఇలాంటివాళ్ళని వార్డుల్లోకి వదిలితే మనుషులు చావక ఏమవుతారు?”

హసీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తల దించలేదు. దించి ఉంటే ఆయనకే బాగుండేది.

“మన దగ్గర నూటికి తొమ్మిదిమందికే ఉంటుంది కదా సార్. దానికోసం వెతుకుతూ టైం పాడుచేసుకోవద్దన్నారు. క్లాసులో మీ పేపరే చెప్పారు. పరీక్షలో కూడా అడిగారు. నేను తొమ్మిదనే రాశాను సార్. మార్కు వేశారు.”

సువార్త మేడం గుమ్మంలో నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటోంది.

“ఆరువందల పన్నెండు కాదు నీలాద్రీ,” అంది. “ఈ పిల్లతో కలిపి పదమూడు.”

నీలాద్రి చెవులు ఎర్రబడ్డాయి. “ఒక్క కేసు మేడం! ఒక్క కేసుతో గణాంకాలు మారిపోతాయా?”

“మారవు,” అని లోపలికి వెళ్ళిపోయిందామె.

ఆయన కారెక్కి దారిపొడవునా గురువుని తిట్టుకున్నాడు. ఏడు పేపర్లు రాసిన మనిషికి పరిశోధన గురించి ఏం తెలుసు? ఆ ఊరు దాటి ఎప్పుడైనా వెళ్ళిందా? హౌస్ సర్జన్ ముందు అంత మాట అంటుందా? ఇంటికెళ్ళి జవాబులోంచి ఆమె పేరు కొట్టేశాడు. అలా పంపితే పత్రిక ఊరుకోదని మళ్ళీ పెట్టాడు. బుధవారం కాలేజీలో కనబడినవాడినల్లా కసిరాడు. అటెండరుని కసిరాడు, లిఫ్టుని కూడా కసిరాడు. మనిషి కోపంగా ఉన్నాడని కాలేజీ అంతా చెప్పుకుంది కానీ, ఎవరిమీదో ఆయనకే సరిగా తెలియదు.

గురువారం మళ్ళీ వచ్చాడు. మర్నాటితో గడువు అయిపోతుంది.

నాలుగో మంచంమీద ఎర్నమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం లేదు. అత్త గ్లాసుతో జావ తాగిస్తోంది. నీలాద్రిని చూసి గ్లాసు కింద పెట్టింది.

“ఆ అమ్మగోరు రాపోతే ఈపాటికి మా కోడల్ని గోతిలో పెట్టెద్దుము. ఏటి బాబూ, నువ్వు కూడా డాకటరువేనా?”

దేశదేశాల సభల్లో ఆయన్ని పరిచయం చెయ్యడానికి ఒక పూర్తి పేజీ చదువుతారు. ఆ ముసలామెకి చెప్పడానికి అందులో ఒక్క వాక్యం పనికిరాలేదు.

“డాక్టర్నే అమ్మా,” అన్నాడు.

“అయితే సూడ్డం నేర్సుకో,” అని ఆమె గ్లాసు తీసుకుంది.

సువార్త మేడం బల్ల దగ్గర కాగితంమీద స్కేలుతో గీతలు గీస్తోంది. మంచం నంబరు, పేరు, మచ్చ ఉందా లేదా, ఎక్కడ. నాలుగు గడులు.

“మేడం, రేపు పంపాలి,” అన్నాడు నీలాద్రి.

“తెర తెచ్చుకో.”

“నేనా?”

“నువ్వే. హసీనా నీతోనే ఉంటుంది. ఒక్కొక్కరినీ అడుగు. సరేనన్నవాళ్ళనే చూడు. తల వెంట్రుకల్లోంచి కాలివేళ్ళ సందుల దాకా.”

“చాలా సేపు పడుతుంది.”

“ఎంతసేపు పడుతుందో నాకూ తెలీదు. ఈ వార్డంతా వరసగా నేనెప్పుడూ చూడలేదు. అనుమానం వచ్చినవాళ్ళనే చూశాను.” ఆమె స్కేలు పక్కన పెట్టింది. గొంతు ఎంత తగ్గిందంటే ఆయన ముందుకి వంగాల్సి వచ్చింది. “ఆరేళ్ళ కిందట నీ పేపరు ఈ బల్లమీదే పెట్టావు. ఎలా చూశావురా అని నేను ఒక్క మాట అడగలేదు. నా శిష్యుడు పెద్దవాడవుతున్నాడని సంబరపడి సంతకం పెట్టేశాను. ఆ డాక్టరమ్మ అడిగింది నేను అడగాల్సింది. ఆ ఉత్తరం చూసినప్పట్నుంచి నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది. నీమీద కోపం దాని తర్వాతే.”

నీలాద్రి కాగితం తీసుకుని తెర దగ్గరికి నడిచాడు.

ఆ రోజు వార్డులో తొమ్మిదిమంది జ్వరం మనుషులున్నారు. మొదటామె దగ్గర ఏం చెప్పి అడగాలో ఆయనకి తోచలేదు. పాతికేళ్ళ డాక్టరీలో అలా అడగాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు మరి. హసీనాయే అందుకుని అడిగింది. ఆమెకి చంకలో ఉంది మచ్చ. రెండో ఆమెని పావుగంట చూశారు, ఏమీ లేదు. మూడో ఆమెకి రొమ్ము కింద. ఆమె సిగ్గుతో కళ్ళు మూసుకుని, ‘అక్కడ కూడా కుడతాదా బాబూ’ అంది. నాలుగో మంచం ఎర్నమ్మదే. అయిదో మంచంమీది పిల్లకి చెవి వెనక, జడ కింద. ఆమె కేసు షీటులో ‘మచ్చ లేదు’ అని ఒకటి కాదు, మూడు రోజులు మూడుసార్లు రాసి ఉంది. హసీనా చేతిరాత కాదు. నీలాద్రి ఆ షీటు చాలాసేపు చూశాడు. చిత్రమేమిటంటే ఈసారి ఎవరినీ తిట్టలేదు.

ఏడో మంచం ముసలామె దుప్పటి మెడదాకా లాక్కుంది.

“నాను ఇప్పను. నా ఒళ్ళు మా మావే పట్టపగలు సూడనేదు. నువ్వు సూత్తావేటి? ఎల్లెల్లు!”

హసీనా తనొక్కతే చూస్తానంది. నర్సు అడిగింది. పక్కమంచం ఆమె కూడా చెప్పి చూసింది. ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది. తెర పక్క మంచానికి జరిగింది.

అయ్యేసరికి ఒంటిగంట దాటింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాగితం తీసుకొచ్చి సువార్త మేడం ముందు పెట్టాడు. తొమ్మిదిమందిలో అయిదుగురికి ఉంది, ముగ్గురికి లేదు.

“ఏడో మంచం ఆవిడ ఒప్పుకోలేదు మేడం. అక్కడ ఏం రాయమంటారు?”

“ఏం చూశావు?”

“ఏమీ చూడలేదు. చూడనివ్వలేదు.”

“అయితే వదిలెయ్.”

“ఖాళీ వదిలితే ఎలా మేడం?” అన్నాడు నీలాద్రి, అలవాటుకొద్దీ. “ఖాళీలుంటే పెద్ద పత్రికలు ఒప్పుకోవు. మన పేపర్లో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. సమీక్షకులు దాన్నే మెచ్చుకున్నారు.”

సువార్త మేడం తలెత్తి ఆయన్ని చూసింది.

“ఎంతమంది ఆ పేపర్లో?”

“మూడువందల పద్దెనిమిది.”

“ఆడవాళ్ళు?”

“సగం పైనే.”

“ఒక్కరు కూడా ఒప్పుకోననలేదా?”

నీలాద్రికి ఆరేళ్ళ కిందటి డ్యూటీ గది కళ్ళముందుకొచ్చింది. సాయంత్రం టీ వేళ, హౌస్ సర్జన్లు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని దొంతర్లకి దొంతర్లు కాగితాలు నింపేవాళ్ళు. మచ్చ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగకుండా ‘లేదు’ మీద టిక్కు పడేది. త్వరగా కానివ్వండమ్మా అని పక్కన నిలబడి తొందరపెట్టింది తనే.

ఆయన ఏడో మంచం ఎదుటి ఖాళీ గడి చూస్తూ నిలబడ్డాడు. ఆమె తొందరపెట్టలేదు.

“ఎవరినీ అడగలేదు మేడం,” అన్నాడు చివరికి.

సువార్త మేడం పదకొండు పేజీలూ తీసి పక్కన పెట్టింది. ఒక తెల్లకాగితం, పెన్ను ఆయన వైపు జరిపింది.

“అదే రాయి,” అంది. “దానికి సంతకం పెడతాను.”